ఉప్పు చూసే పర్శరాములు

అమీర్‌పేటలో పర్శరాములును ఎవరైనా దర్జీ అంటే ఆయన కాదనేవాడు కాదు గాని, లోలోపల కొంచెం చిన్నబుచ్చుకొనేవాడు. కుట్టుపని కడుపు కోసం. ఆయన అసలు కొలువు నాలుకతో. పెండ్లి కానీ, పుట్టువెంట్రుకలు కానీ, సంఘం వాళ్ల దావత్ కానీ, యూసుఫ్‌గూడ నుంచి లక్డీకాపూల్ దాకా ఏ పద్మశాలి ఇంట వంద ఇస్తరాకులు పరిచినా పొయ్యి దగ్గర ఉప్పు చూడవలసినవాడు ఆయనే.

ఆ చూడడానికి ఒక పద్ధతి ఉండేది. వంటల మల్లయ్య గంటెతో పులుసు ముంచుకొని వస్తాడు. పర్శరాములు కండువా సవరించుకొని అరచేయి చాపుతాడు. చేతిలో పడ్డ నాలుగు చుక్కలను ఒక్కసారి నాకి కళ్లు మూసుకొంటాడు. ఆ కళ్లు తెరుచుకొనేదాకా పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు నోరు విప్పరు. తరువాత "చాలు" అంటాడు, లేదా "ఇంకొక్క పిడికెడు" అంటాడు. అంతే. దానికోసం పొద్దటినుంచి పాన్ వేసుకోడు, బీడీ ముట్టడు.

"మొదటి చుక్కకే తెలిసిపోయేది. కళ్లు మూసుకొనేది జనం చూస్తుండ్రని" అని తరువాతి రోజుల్లో ఆయనే చెప్పి నవ్వేవాడు.

మల్లయ్య చేతి వంట మంచిదే. కాని అతని నోట్లో ఎప్పుడూ జర్దా పాన్ ఉంటుంది, ఆ నాలుకకు బెల్లమూ ఒకటే వేపాకూ ఒకటే. అందుకే అతను పిడికిళ్ల లెక్కతో వేస్తాడు, పర్శరాములు నాలుకతో సరిచూస్తాడు. ఇరవై యేండ్లుగా ఇద్దరికీ ఒక్క మాట పట్టింపు రాలేదు. ఇంకో సంగతి. పర్శరాములు చూసిన వంటకు ఇస్తరాకు మూల ఉప్పు వడ్డించకూడదు. వడ్డిస్తే అది ఆయనకు అవమానం. ఒకసారి ఎవరో తెలియక ఉప్పు పళ్లెం పట్టుకొని భోజనాల బంతిలోకి వెళితే, పర్శరాములు అన్నం ముట్టకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్లాక ఆకలేసింది. మళ్లీ పోవడానికి మొహం చెల్లలేదు.

ఇంగ్లీషువాళ్ల సీమలో యుద్ధం మొదలైందని పేపర్లలో వచ్చిన ఆ వానాకాలం, పర్శరాములు మొహం నిండుగా తయారైంది. పొద్దున లేచేసరికి చెంపలు బూరెల్లా ఉండేవి. దారిలో కనబడ్డవాళ్లంతా "ఏమన్నా, మస్తుగైనవ్" అన్నారు. ఆయనా నమ్మాడు. నలభై అయిదేండ్లకు ఒంటికి కళ వచ్చిందని సంతోషించాడు కూడా. చొక్కా బిగుతైతే మిల్లు బట్ట కుంచించుకుపోయిందని మిల్లును తిట్టి, పక్కల కుట్లు విప్పి వదులు చేసుకొన్నాడు. అలా మూడు చొక్కాల కుట్లు విప్పాడు. చెప్పులు పట్టకపోతే చెప్పులు కుట్టినవాణ్ని తిట్టాడు. ముప్పై యేండ్లుగా పట్నంలో సగం మందిని టేపు పెట్టి కొలిచినవాడికి, ఆ టేపు ఒక్కసారి తనకు చుట్టుకొందామని తోచలేదు.

చూసింది భార్య మణెమ్మ. ఒకనాడు ఒంటికి నూనె రాస్తూ ఆయన కాలి నలాల మీద, మోకాలి కింది ఎముక మీద, వేలితో నొక్కింది. వేలు తీసినా గుంత అలాగే ఉండిపోయింది.

"గిదేంది, కాలా పిండిముద్దా?" అంది. ఆమె ముఖంలో మాత్రం నవ్వు లేదు. "రేపు డాక్టర్ దగ్గరికి పోదాం పా."

"మిషన్ తొక్కే కాలు జర ఉబ్బుతది."

"తొక్కేది కుడికాలు. నేను నొక్కింది ఎడమకాలు."

పంజాగుట్ట బండల పక్కన యేసురత్నం అనే డాక్టర్ ఒక చిన్న మందుల గది పెట్టుకొని ఉండేవాడు. చర్చివాళ్ల మనిషి, నెమ్మదస్తుడు. కాళ్లు చూశాడు, కనురెప్పలు చూశాడు, మరునాడు పొద్దున మూత్రం పట్టి తెమ్మన్నాడు. అక్కడ వచ్చింది చిక్కు. అలాంటి సరుకు చేత పట్టుకొని అమీర్‌పేట బజారు గుండా నడిచేదెట్లా? పర్శరాములు రాత్రంతా ఆలోచించి, ఖాళీ అత్తరు సీసాలో పట్టి, ముఖమల్ ముక్కతో సంచీ కుట్టి, అందులో పెట్టుకొని తీసుకెళ్లాడు. దారిలో ఇద్దరు "ఏం అత్తరన్నా?" అని అడగనే అడిగారు.

డాక్టర్ మూత తీసి వాసన చూశాడు. "గులాబి వాసనేంది దీనికి?"

పర్శరాములు నేల చూశాడు. డాక్టర్ నవ్వలేదు. ఒక శుభ్రమైన సీసా చేతికిచ్చి పెరటి వైపు చూపించాడు. ఆ రెండోదాన్ని గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద పెట్టాడు. కాగుతున్నకొద్దీ గొట్టంలో పైభాగం తెల్లగా గడ్డకట్టింది, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు.

"చూసినవా పర్శరాములన్నా? గది నీ ఒంట్ల ఉండవలసిన సారం. బయటికి పోతున్నది. గుర్దాలు, అంటే మూత్రపిండాలు, పాడైనయి."

"గుర్దాలా?" పర్శరాములుకు ధైర్యం వచ్చింది. "గంతేనా డాక్టర్ సాబ్. అయితే రోజు నాలుగు మేక గుర్దాలు ఏంపుకొని తింట. నెలకు సమమైతయి."

"నీ కన్ను నొస్తే మేక కన్ను తింటవా? మాంసం తగ్గించాలె నువ్వు." డాక్టర్ బల్ల మీది మల్లు గుడ్డ తీసి వెలుతురుకు పట్టాడు. "నేసేటోళ్ల ఇంట్ల పుట్టినవ్, నీకు చెప్పుడు సులువు. గుర్దా గిసోంటి సన్నని గుడ్డ. మురికి కిందికి పోవాలె, సారం పైన ఆగాలె. నీ గుడ్డ నేత వదులైంది. సారం జారిపోతున్నది, ఉప్పూ నీళ్లూ మాత్రం పోకుండ ఒంట్ల నిలుస్తున్నయి. ఆ నీళ్లే నీ మొగం మీది కళ."

"కుట్లేసి బిగించరాదా?"

"గా గుడ్డకు కుట్టు పడదు. ఉన్నదాన్ని ఇంక చినగకుండ కాపాడుకోవాలె. ఉప్పు బంద్. చిటికెడు సుత వద్దు. నీళ్లు కొలుచుకొని తాగు. పగటిపూట జర ఒరుగు. ప్రతి శుక్రవారం చీలమండ కొలిచి రాసుకో, టేపు ఉన్నది కదా."

"ఉప్పు ఎన్ని దినాలు బంద్? రోగం ఉన్నన్ని దినాలా, నేనున్నన్ని దినాలా?"

"ఇద్దరూ కలిసే ఉంటరు" అన్నాడు డాక్టర్. తరువాత గొంతు తగ్గించి, "తింటే మాత్రం నీళ్లు కాళ్ల కాడ ఆగవు. ఊపిరి కాడికి వస్తయి. అప్పుడు నా చేతుల ఏం లేదు" అన్నాడు.

తిరిగి వచ్చే దారిలో పర్శరాములుకు చావు గుర్తుకు రాలేదు. బావ మార్కండేయ కొడుకు పెండ్లి గుర్తుకు వచ్చింది. మార్కండేయ అంటే మణెమ్మ అన్న. రెండు నెలల్లో పంజాగుట్టలో పందిరి. సిరిసిల్ల నుంచి పెండ్లిపిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. ఉప్పు తినకూడనివాణ్ని ఉప్పు చూడమని ఎవరు పిలుస్తారు?

"గీ ముచ్చట గడప దాటొద్దు" అన్నాడు భార్యతో.

"దాటకపోతే ఏమొస్తది?"

"నా ఇజ్జత్ ఉంటది."

మణెమ్మ ఆయన కాళ్ల వైపు చూసి, అటక మీంచి ఇంకో కుండ దించింది.

ఆ రోజునుంచి ఇంట్లో రెండు కుండలు. పిల్లలకు ఒకటి, ఆయనకు ఒకటి. ఉప్పు లేని కూర మొదటి ముద్ద తిన్నప్పుడు పర్శరాములుకు కాగితం నములుతున్నట్టనిపించింది. రెండో వారానికి లాయరు బుద్ధి పుట్టింది. ఉప్పు వద్దన్నాడు గాని మామిడికాయ తొక్కు వద్దనలేదు కదా. తొక్కులో ఉండేది కారం. అప్పడం గాలి లాంటిది, దానికి బరువేముంది? కడుపుబ్బరానికి తినే సోడా వేసుకొంటే అది మందే గాని తిండి కాదు. మణెమ్మ నీళ్లకు పోయినప్పుడల్లా ఆయన జాడీ దగ్గర ఉండేవాడు.

శుక్రవారం వచ్చింది. కొలతల పుస్తకంలో మిగతా గిరాకీల నడుమ తనకూ ఒక పేజీ పెట్టుకొన్నాడు. టేపు పట్టింది మణెమ్మ. చీలమండ ఒకటిన్నర ఇంచీ పెరిగింది.

"టేపు కుంచించుకపోయింది" అన్నాడు పర్శరాములు. "వానకు తడిసింది."

మణెమ్మ అదే టేపును కుట్టుమిషన్ బల్ల కాలికి చుట్టింది. బల్ల కొన్ననాడు ఆ కాలి కొలత ఆయనే పుస్తకంలో రాసి పెట్టాడు. దారం పోగంత తేడా లేదు.

"బల్లకు రోగం లేదు" అంది. "జాడీ ఎక్కడ పెట్టినా దొరుకుతది నీకు. పక్కింట్ల ఇచ్చొస్త."

అయినా పర్శరాములును మార్చింది టేపు కాదు. ఆ తరువాతి సోమవారం సాయంత్రం పంజాగుట్ట ఎత్తు ఎక్కుతూ సగంలో ఊపిరి అందక ఒక బండ మీద కూలబడ్డాడు. రోజూ ఎక్కే ఎత్తే. గొర్రెలు దాటిపోయాయి, గొర్రెలవాడు దాటిపోయాడు. ఒక ముసలామె గడ్డిమోపుతో దాటిపోతూ "ఏమయ్యా, ఎవరికోసం చూస్తున్నవ్?" అని అడిగింది. ఊపిరి కోసమని చెప్పడానికి కూడా ఊపిరి లేదు. ఆ బండ మీద కూర్చొన్న కాసేపట్లో ఆయన తొక్కు, అప్పడం, సోడా మూడింటికీ దండం పెట్టేశాడు.

అప్పుడు మణెమ్మ తన చేతి నేర్పు చూపించింది. చింతపండు, నిమ్మకాయ, వెల్లుల్లి, ఏంచిన జీలకర్ర, ఎర్రగా కాల్చిన ఉల్లిగడ్డ. అయిదో వారానికి ఒక వింత జరిగింది. జొన్నరొట్టె తియ్యగా ఉంది. వంకాయకు వంకాయ రుచి ఉంది. పాలకూరలో ఉప్పదనం తగిలి, "దీంట్ల ఉప్పేసినవా?" అని భార్యను నిలదీశాడు. ఆమె పిల్లల మీద ఒట్టు పెట్టుకొంది.

ఇక్కడే పర్శరాములు పెద్ద పొరపాటు పడ్డాడు. నాలుక దారి మారిందనుకోలేదు. పదును పెరిగిందనుకొన్నాడు. ఇన్నాళ్లూ మంచి నాలుక, ఇప్పుడు తపస్సు చేసిన నాలుక. వాపు తగ్గింది, గొట్టంలో తెలుపు పలచబడింది, డాక్టర్ మెచ్చుకొన్నాడు. దావత్ సంగతి డాక్టర్‌తో అనలేదు. నాలుగు చుక్కలు నాకి ఉమ్మేస్తే గుర్దాలకు తెలియదని తనకు తానే తీర్పు చెప్పుకొన్నాడు.

పెండ్లి పొద్దున పందిరి వెనక మూడు పొయ్యిలు మండుతున్నాయి. మణెమ్మ పెండ్లిపిల్ల దగ్గర లోపల ఉంది. మల్లయ్య ఎప్పటిలాగే పప్పుచారు గంటెతో వచ్చాడు. పర్శరాములు ఎప్పటిలాగే అరచేయి చాపాడు, నాకాడు. కళ్లు మూసుకోవలసిన పని పడలేదు. వాటంతటవే మూసుకుపోయాయి.

"మల్లయ్యా, సముద్రం తెచ్చి పోసినవా?"

మల్లయ్య పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు. "ఎప్పటి లెక్కనే అన్నా. అయిదు పిడికిళ్లు."

"అయితే నీ పిడికిలి పెరిగింది. రెండు బిందెల నీళ్లు పోయ్, ఉప్పు లేని పప్పు కలుపు."

"గంత ఎక్కువైందా?"

"ఎవరి నాలుక అనుకొన్నవ్?"

మల్లయ్య నీళ్లు పోశాడు. మాంసం కూరలో సగం ఉప్పు పడగానే "ఆపు" అన్నాడు పర్శరాములు. వంకాయ కూరకు అసలు వేయనియ్యలేదు. "దాంట్లనే ఉంటది. తెలిసినోళ్లకు తెలుస్తది" అన్నాడు. ఇరవై యేండ్ల నమ్మకం. మల్లయ్య ఉప్పు డబ్బా మూసేశాడు.

మొదటి బంతిలో సిరిసిల్లవాళ్లు నలభైమంది కూర్చొన్నారు. వడ్డన అయింది. మొదటి ముద్ద నోట్లోకి పోయింది. పర్శరాములు స్తంభానికి ఆనుకొని, ఎప్పుడూ వచ్చే మెప్పుకోసం చూస్తున్నాడు.

ఒకాయన నమలడం ఆపి పక్కవాణ్ని చూశాడు. పక్కవాడు ఇస్తరాకు మూలలు వెతికాడు, ఉప్పు కోసం. పర్శరాములు వంటకు ఉప్పు పెట్టరు కదా, లేదు. పిల్ల అమ్మమ్మ లచ్చమ్మ, డెబ్బై యేండ్ల మనిషి, చేయి ఆకులో అలాగే ఉంచి మార్కండేయను పిలిచింది.

"బిడ్డా, మా దిక్కు మనిషి పోయినప్పుడు గిట్ల చప్పిడి తింటరు. పెండ్లికి సుత పెడతరని మాకు తెల్వకపాయె."

పిల్ల తండ్రి తల వంచుకొని తన ఆకు అంచు మడవడానికి చేయి పెట్టాడు. ఆయన లేస్తే నలభైమందీ లేస్తారు. వాళ్లు లేస్తే ఆ పెండ్లి సిరిసిల్లలో పదేండ్ల దాకా చెప్పుకొనే ముచ్చట అయిపోతుంది.

మార్కండేయ పరుగున పొయ్యిల దగ్గరికి వచ్చాడు. "మల్లయ్యా, ఏం చేసినవ్రా? నా మొగం ఎక్కడ పెట్టుకోవాలె?"

మల్లయ్య ఒక్కసారి పర్శరాములు వైపు చూశాడు. తరువాత చేతులు కట్టుకొన్నాడు. "తప్పయింది సేట్. చేయి తప్పింది."

ఆ క్షణంలో పర్శరాములు చేయవలసింది ఏమీ లేదు. ఊరికే నిలబడితే చాలు. నాలుక పరువు దక్కుతుంది. మల్లయ్యను రేపటినుంచి ఎవరూ పిలవరు, అంతే. పొయ్యి తప్ప ఇంకో పని తెలియని మనిషి. నిలబడదామనే అనుకొన్నాడట కూడా. "రెండు గుక్కల సేపు నిలబడ్డ. గా రెండు గుక్కలకే సిగ్గనిపిస్తది ఇప్పటికి" అనేవాడు.

"బావా, వాణ్ని అనకు" అన్నాడు. "వాడు సరిగ్గనే ఏసిండు. నేను నీళ్లు పోయించిన."

"నువ్వా?"

"నాకు గుర్దాల రోగం వచ్చింది. రెండు నెలలాయె డాక్టర్ ఉప్పు బంద్ చేసి. చప్పిడి తిని తిని నాలుకకు జర ఉప్పు తగిలినా సముద్రం లెక్క కొడుతున్నది. పెరిగిందనుకొన్న నాలుక. పోయింది."

మార్కండేయ నోరు తెరిచి చూస్తుండగానే పర్శరాములు దొడ్డుప్పు పళ్లెం ఎత్తుకొని బంతిలోకి నడిచాడు. జీవితంలో ఏ పళ్లెం వడ్డిస్తే అన్నం మానేసి పోయాడో, ఆ పళ్లెం. వరసలో మొదటి మనిషి పిల్ల తండ్రి. ఆయన ఆకు మూల చిటికెడు ఉప్పు పెట్టి, చెప్పవలసింది చెప్పాడు.

"అంటే మా పిల్ల మీద కోపంతో కాదన్నట్టు" అన్నాడు పిల్ల తండ్రి, చేయి ఇంకా ఆకు అంచు మీదే ఉంచి.

"కోపమే ఉంటే ఉప్పు ఎక్కువేయిద్దును. తగ్గిస్తనా?"

పిల్ల తండ్రి ఆకు మీది చేయి తీసి ఉప్పు కలుపుకొన్నాడు.

రెండో మనిషి "గుర్దాల రోగమని ఎట్ల తెలిసింది?" అని అడిగాడు. పర్శరాములు కాళ్లు చూపించాడు, నొక్కితే గుంత పడిన సంగతి చెప్పాడు. మూడో మనిషి ఇంకా వివరంగా అడిగాడు. పర్శరాములు గాజు గొట్టం, దీపం, ఉచ్చ కాగితే తెల్లగా గడ్డకట్టడం, అంతా చెప్పాడు. చెప్పినవాడికి తోచలేదు గాని, వింటున్నవాళ్ల ముందు పప్పుచారు ఉంది. "తినేకాడ గీ ముచ్చట ఎందుకయ్యా" అని ఒకరంటే, "చెప్పనీ, మొగం ఉబ్బుతదని ఇంకోసారి చెప్పు" అని ఇంకొకరు. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎవరు మొదలుపెట్టారో తెలియదు, కుడిచేతిలో ముద్దలు పట్టుకొని, బంతికి బంతి ఎడమచేతులతో ఎవరి నలాలు వాళ్లు నొక్కి చూసుకొంటున్నారు.

లోపలినుంచి వచ్చిన మణెమ్మ ఆ దృశ్యం చూసి గడప దగ్గర నిలబడిపోయింది. "గడప దాటొద్దంటివి" అంది భర్తతో. "నలభైమందికి వడ్డిస్తున్నవేంది?"

చేతులు కడిగే చోట లచ్చమ్మ ఆయన్ని పక్కకు పిలిచింది. ఇప్పుడామె గొంతు వేరు.

"అయ్యా, నాకు సుత పొద్దుగాల కండ్లు ఉబ్బుతయి. ముసలితనమనుకొన్న. గా డాక్టర్ ఆడోళ్లను చూస్తడా?"

"చూస్తడవ్వా. రేపు పొద్దుగాల నేనే తోలుకపోత. సీసా మాత్రం మామూలుది తెచ్చుకో" అన్నాడు పర్శరాములు. ఎందుకో చెప్పలేదు.

రెండో బంతికి మల్లయ్య మళ్లీ పిడికిళ్ల లెక్కన ఉప్పు వేశాడు. పొయ్యి ఆరాక పక్కన కూర్చొని, "నా పిడికిలి పెరగలే అన్నా" అన్నాడు.

"పెరగలే" అన్నాడు పర్శరాములు.

మాఘమాసంలో యూసుఫ్‌గూడలో ఒక పెండ్లి కుదిరింది. పిలవరని తెలిసి కూడా పర్శరాములు ఆ వారమంతా వీధివైపు మొహం పెట్టుకొని మిషన్ తొక్కాడు. ఒక పొద్దున మల్లయ్య వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడు. పర్శరాములు లేచి, చిలకకొయ్యకున్న కోటు తీసి ఒక చేయి తొడుక్కొన్నాడు.

"డాక్టర్ వద్దంటడు మల్లయ్యా. నా నాలుక సంగతి నువ్వే చూస్తివి. అయినా గంత దూరం వచ్చినవ్ కాబట్టి..."

మల్లయ్య తల గోక్కొన్నాడు. "నీకోసం కాదన్నా. వదినెను పిలుద్దామని వచ్చిన. దినాం రెండు కుండలు వండుతది, ఒకటి ఉప్పుది, ఒకటి చప్పిడిది. రెండింటి నడుమ తేడా తెలిసిన నాలుక పట్నంల ఆమెదే."

ఒక చేయి కోటులో, ఒక చేయి బయట. తొడుక్కొంటే ఒక సిగ్గు, విప్పితే ఇంకో సిగ్గు.

వంటింట్లోంచి మణెమ్మ గొంతు వినబడింది. "ఎన్ని ఇస్తరాకులు మల్లయ్యా?"

"మూడు వందలు వదినే."

"మాంసమా, ఒట్టి కూరగాయలా?"

"రెండూ."

"అయితే పొద్దుగాలనే రావాలె. ఆయనకు వండి పెట్టి వస్త."

"పెట్టి వచ్చుడెందుకు" అన్నాడు పర్శరాములు, రెండో చేయి కూడా కోటులో దూర్చి. "డబ్బాల సదురు. నా చప్పిడి నేను మోసుకొని వెనక వస్త."